నాలుగు ఇరవైల గవ్వలు

ఆ మంగళవారం నీలమ్మ మెట్లెక్కి వచ్చేసరికి పుణ్యవతి ఇంకా టైపు మిషను మీది గుడ్డ తియ్యలేదు. వచ్చినామె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నలభైకి లోపు మనిషి. చీర అంచున ఉప్పునీటి చారలు, చంకలో ఒక మట్టికుండ. ఎవరో తరుముకొస్తున్నట్టు మెట్లవైపు రెండుసార్లు వెనక్కి చూసుకుంది.

"పోయిన సరుకు ఎతికిపెట్టే బాబు ఇక్కడేనా?" అని అడిగింది.

మనుషుల్ని కూడా వెతుకుతారని చెప్పి, లోపలికి వచ్చి కూర్చోమంది పుణ్యవతి.

"నాకు పోయింది సరుకూ కాదు, మనిషీ కాదమ్మా. నా గుంట మాట పోనాది."

గుంట అంటే ఆమె కూతురు. పక్కగదిలో నుంచి నరసన్న ఈ మాట విని బయటికి వచ్చాడు. బరంపురం పెద్దబజారులో, పట్టుచీరల దుకాణం పైఅంతస్తులో ఆయన పరిశోధన ఆఫీసు పెట్టి తొమ్మిదేళ్లయింది. అంతకుముందు రైల్వే పార్సిల్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. ఎక్కడో ఒకచోట చీటీ మారితేనే పార్సిలు తప్పిపోతుందని ఆయన సిద్ధాంతం. మనుషుల విషయంలోనూ అంతేనని అంటూ ఉండేవాడు. ఆయన దగ్గర టైపిస్టుగా చేరిన పుణ్యవతి ఏడాది తిరక్కుండా సహాయకురాలైంది. ఆడవాళ్ల మధ్య కూర్చుని మాట రాబట్టే పని ఆమెది. ఆ మాటల్లోంచి నిజం ఏరే పని ఆయనది. ఆయన ఏరేటప్పుడు చూస్తూ కూర్చోవడం ఆమెకు ఇప్పటికీ విసుగు పుట్టలేదు.

నీలమ్మ చెప్పినదిది. వాళ్లది గంజాం, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట. మొగుడి పేరు కొండలు, సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు. తెచ్చిన చేప ఆమె ఒడ్డున అమ్ముతుంది. ఒక్కతే కూతురు, సీతాలు. పదకొండేళ్లు. బడిలో ఎప్పుడూ మొదటిదే. ఆ ఏడు, అంటే ఎనభై ఆరులో, బరంపురం శివార్లలో ఆడపిల్లల కోసం ప్రతిభా పాఠశాల తెరిచారు. ఆరో తరగతి నుంచి మెట్రిక్ దాకా తిండి, బట్ట, పుస్తకాలు వాళ్లే ఇస్తారు. అయితే పరీక్ష నెగ్గాలి. నలభై సీట్లకు మూడువందల నలభై మంది రాశారు. నూరు ప్రశ్నలు, ప్రశ్నకొక మార్కు.

పరీక్ష బాగా రాశానని సీతాలు చెప్పింది. తండ్రి ఆ మాట ఒడ్డంతా చెప్పుకున్నాడు. పడవ ముందుభాగాన కూతురు పేరు కూడా రాయించాడు. నెల తిరిగాక ఉత్తరం వచ్చింది. నలభై ఎనిమిది మార్కులు.

"ఒక్క దెబ్బే కొట్టినాడు బాబూ. సెవి మీద పడ్డాది. అప్పట్నించీ గుంట నోరు ఇప్పనేదు. అబద్ధాలకోరు అనీసి ఈదిలో పిల్లలు ఏడిపిస్తన్నారు. ఆదివారం రైలుకి రొయ్యల షెడ్డు పనికి పంపేస్తానంటన్నాడు. కంట్రాక్టరు పేరు రాసేసుకున్నాడు."

ఉత్తరం అబద్ధమని ఎలా తెలుసని నరసన్న అడిగాడు. నీలమ్మ కుండలో చెయ్యిపెట్టి నాలుగు చిన్న మూటలు తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కొక్క మూటకూ పసుపుతాడు ముడి.

ప్రశ్నపత్రం పిల్లలు ఇంటికి తెచ్చుకోవచ్చట. ఏ జవాబు రాసిందీ సీతాలు అందులోనే గీసుకుంది. మర్నాడు బడి గేటుకు సరైన జవాబులు అంటిస్తే, వాటిని కాయితం మీదికి ఎక్కించుకుని వచ్చింది. సాయంత్రం తల్లీకూతుళ్లు కూర్చున్నారు. పిల్ల ఒక్కొక్కటే చూసి ఒప్పు, తప్పు అని చెబుతూ పోయింది. ఒప్పు అన్నప్పుడల్లా నీలమ్మ ఈ కుండలో ఒక గవ్వ వేసింది. చివర లెక్కపెట్టి మూటలు కట్టింది.

"పిల్లే లెక్కపెట్టుకోవచ్చు కదమ్మా. చదువుకుంది," అన్నాడు నరసన్న.

"వలేసినోలు లెక్కెట్టకూడదు బాబూ. తరవాత వల ఒట్టిపోతాది. ఒడ్డునున్న ఆడదే లెక్కెట్టాలి. మాకు అదే ఆనవాయితీ. నాను ఎట్టినాను. నాలుగు ఇరవైలు. ఎనబై."

నరసన్న ఒక మూట ముడి మీద వేలు పెట్టగానే ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంది. పిల్ల బడిలో అడుగుపెట్టిన రోజున విప్పుతానని గంగమ్మకు మొక్కుకుందట. అంతవరకూ విప్పకూడదు. ఆయన చెయ్యి తీసేశాడు. ఉత్తరం తీసుకుని చదివాడు. ఒడియాలో ఉంది. వరస నంబరు 206, మార్కులు 48, అర్హత పొందలేదు.

పుణ్యవతి కుండను పక్కకు జరపబోతే వేళ్లకు నల్లగా అంటింది. కుండ మెడ మీద బొగ్గుతో మూడు అంకెలు, రెండు, ఒకటి, ఏడు అని గీసి ఉన్నాయి. కుమ్మరి వేసుకున్న ధర గుర్తు కాబోలనుకుని ఆమె చీరచెంగుకు చెయ్యి తుడుచుకుంది.

బడిలో కూడా అడిగానని నీలమ్మ చెప్పింది. అక్కడి గుమాస్తా నవ్వాడట. చివరి సీటు ఎనభై రెండుకు పోయింది, నీ గవ్వల మాటే నిజమనుకున్నా నీ పిల్లకు సీటు లేదు, ఇంటికి పో అన్నాడట.

"మరి ఇప్పుడు మేము తేల్చి ఏం లాభం?" అన్నాడు నరసన్న, ఆమె మొహం చూస్తూ.

"సీటు కోసరం రానేదు బాబూ. ఎనబైకి రాదని తెలిసీసింది. నా గుంట అబద్ధమాడనేదని దాని అయ్య ముందర తేల్చండి. అంతే సాలు. అబద్ధాలకోరన్న పేరుతో దాన్ని రైలెక్కించనివ్వను."

ఆదివారానికి అయిదు రోజులుంది.

*

బుధవారం పొద్దున నరసన్న, పుణ్యవతి ప్రతిభా పాఠశాలకు వెళ్లారు. ప్రిన్సిపాలు ఒడియా ఆవిడ, నెరిసిన జుట్టు మనిషి. ఆ ప్రాంతంలో పంతులమ్మను పిలిచినట్టే అందరూ ఆవిడను గురుమా అంటారు. మొదట విసుక్కుంది. ఓడిపోయిన మూడువందల మంది తల్లిదండ్రులూ ఇలాగే వస్తున్నారంది. ఒకాయన అరవై రెండును ఇరవై ఆరుగా చదివారని గొడవపెట్టాడట. ఒకామె పక్కింటి పిల్లకన్నా తన పిల్లకు తక్కువెలా వస్తాయని గేటు దగ్గర బైఠాయించిందట. అయినా నరసన్న మర్యాదగా అడగడం చూసి బీరువా తెరిచింది.

సీతాలు రాసింది నాలుగో గదిలో. ఇరవై నాలుగు మంది పిల్లలు. కాయితాల మీద పేరు ఉండదు, నంబరే. దిద్దేవాళ్లు పక్షపాతం చూపకుండా అలా పెట్టారట. చిన్నపిల్లలు కదా అని హాజరు సంతకాలు కూడా పెట్టించలేదు. గదికొక కట్ట కట్టి, సీలు వేసి, దిద్దేముందు అందరి ఎదుటా విప్పారు. 206 నంబరు కాయితాన్ని నరసన్న తనే మళ్లీ లెక్కవేశాడు. నలభై ఎనిమిదే. కూడికలో తప్పు లేదు.

"కాయితం మారి ఉంటే ఈ గదిలోనే మారాలి. సీలు పడ్డాక మారే దారి లేదు," అని పుణ్యవతితో మెల్లగా చెప్పి, గదిలోని మార్కులన్నీ వరసగా రాయించాడు. తొంభై ఒకటి ఒకరికి ఉంది. ఎనభై నాలుగు ఒకరికి ఉంది. డెబ్భై తొమ్మిది ఒకరికి ఉంది. తక్కినవన్నీ డెబ్భైకి లోపే. ఎనభై ఎవరికీ లేదు.

పుణ్యవతి ఆ వరసను రెండోసారి చూసింది. అంటే ఆ పిల్ల తల్లితో ఒప్పు, తప్పు అని చెప్పడంలోనే అబద్ధమాడిందన్నమాట. నరసన్న మాత్రం చేరడానికి ఆఖరి గడువు ఎప్పుడని అడిగాడు. శనివారం సాయంత్రం అయిదు గంటలు.

అక్కడి నుంచి బరంపురంలోనే ఉన్న అంకులి పేటకు వెళ్లారు. సీతాలుతో సహా పిల్లల్ని పరీక్షకు తయారుచేసిన వెంకటరమణమూర్తి మాస్టారు అక్కడ ఒక మంచు గోదాము మేడమీది గదిలో ఆదివారాల్లో పాఠం చెప్పేవాడు. తెల్లటి పంచె, నెమ్మదైన మాట. సీతాలు పేరెత్తగానే ఆయన కళ్లు తడిశాయి.

"చురుకైన పిల్లండి. డబ్బు తీసుకోకుండా చెప్పాను. పరీక్ష గదిలో బెదిరిపోయి ఉంటుంది. పెద్ద ఊరు చూడని పిల్లలకు మామూలే."

ఆ పిల్ల గంజాం నుంచి ఎలా వచ్చేదని నరసన్న అడిగాడు. మంచు గోదాము యజమాని పైడన్న చేపల లారీలో, ఆయన కూతురు అమ్మడుతో కలిసి వచ్చేదట. పైడన్నదీ గంజామే. ఆ గది కూడా ఆయనదే, చదువు మీది గౌరవంతో ఊరికే ఇచ్చాడు. ఒక్కతే రావడానికి అమ్మడు భయపడుతుంటే, తోడుగా సీతాల్ని చేర్చుకోమన్నది కూడా ఆయనే.

పరీక్షరోజున హాలు టికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయన్నది నరసన్న తర్వాతి ప్రశ్న. మాస్టారు కొంచెం గర్వంగానే చెప్పాడు. పిల్లలు టికెట్లు పారేసుకుంటారు. అందుకే పద్నాలుగు మందివీ తనే ఉంచుకుని గేటు దగ్గర ఒక్కసారిగా చూపించాడు. ఎవరి నంబరు వాళ్ల చేతి మీద తన కలంతో రాశాడు. లోపలికి వెళ్లి ఆ నంబరున్న చోట కూర్చోవాలి, కాయితం మీద అదే వెయ్యాలి. ఫలితాల ఉత్తరాలు కూడా తన చిరునామాకే వచ్చాయి. గంజాం వెళ్లి నీలమ్మ ఇంట్లో ఉత్తరం చదివి వినిపించింది తనేనని, ఆ పాపం తనకు తప్పలేదని నిట్టూర్చాడు.

వారం వారం పెట్టే పరీక్షల మార్కులు చూపించమంటే, అలాంటివి తను రాసిపెట్టుకోనన్నాడు.

వచ్చేటప్పుడు నరసన్న గోడ దగ్గర ఒక నిమిషం ఆగాడు. సున్నం వేసి చాలా కాలమైన గోడ, దుమ్ముతో బూడిదరంగు తిరిగింది. కిటికీ పక్కన మాత్రం మూరెడు పొడుగున నలుచదరంగా తెల్లగా ఉంది. నాలుగు మూలలా మేకుల గుర్తులు.

కూతురు బడిలో చేరుతోందని పైడన్న ఈమధ్యే గంజాం నుంచి కుటుంబాన్ని తెచ్చి గోదాము వెనక ఇంట్లో పెట్టాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. కూతురుకొచ్చిన ఉత్తరానికి అద్దం కట్టించి, పసుపు బొట్టు పెట్టి, వాకిట్లో ఎదురుగా వేలాడదీశాడు. ఎనభై నాలుగు మార్కులు. మాది తరాల నుంచీ చేప మోసిన ఇల్లు, ఇప్పుడు పుస్తకం మోస్తుందని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడట. నరసన్న ఆ ఉత్తరాన్ని చాలాసేపు చూశాడు. పుణ్యవతి లోపలికి వెళ్లి అమ్మడును పలకరించింది. కొత్త యూనిఫారం గూటిలో మడతపెట్టి ఉంది. పిల్ల ముసుగుతన్ని పడుకుంది. పదిరోజులుగా జ్వరమని తల్లి చెప్పింది. పుణ్యవతి నుదురు ముట్టుకుంది. చల్లగానే ఉంది.

బస్సులో పుణ్యవతి తన అనుమానం చెప్పింది. పైడన్న పెద్దమనిషి, బడిలో ఎవరినో పట్టుకుని ఉంటాడని.

"పట్టుకున్నవాడు అద్దం కట్టించి గోడకు వేలాడదియ్యడమ్మా. బీరువాలో దాస్తాడు," అన్నాడు నరసన్న. "కానీ ఆ ఎనభై లెక్కే నాకు అడ్డం పడుతోంది."

*

గురువారం గంజాం వెళ్లారు. పడవలు అప్పుడే ఒడ్డెక్కాయి. కొండలు వల దులుపుతున్నాడు. తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు.

"పంతులు అబద్ధం సెప్తాడేటి? బడోలు అబద్ధం సెప్తారేటి? నా గుంటే ఆడింది. నలుగురిలో తల కొట్టేసినట్టయిపోనాది," అన్నాడు. మళ్లీ వల దులపసాగాడు. అతని పడవ ముందుభాగాన కూతురి పేరు మీద తారు పూసి ఉంది.

సీతాలు గుడిసె నీడలో కూర్చుంది. పుణ్యవతి పక్కన కూర్చుని పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. మూడోసారి చిటిక వేసింది. పిల్ల కదల్లేదు. అటుపక్కకు వెళ్లి పిలిచేసరికి ఉలిక్కిపడి తిరిగింది. అప్పుడు చూసింది పుణ్యవతి. ఎడమ చెవి కింద చీము ఎండి ఉంది. పిల్ల మాట మానెయ్యడం అలక కాదు. సగం లోకం ఆ పిల్లకు వినపడటం లేదు.

ఏడుపు ఆపుకుని ఆ సంగతి చెబుదామని ఆమె ఒడ్డుకు పరుగెత్తింది. నరసన్న అక్కడ నీలమ్మ చేపలమ్మడం చూస్తూ నిలబడి ఉన్నాడు. అస్కా నుంచి వచ్చిన బేరగాడు కవళ్ల చేపల కోసం బుట్ట పట్టుకు కూర్చున్నాడు. నీలమ్మ రెండు చేతులా చేపలు వేస్తూ పాటలాగా లెక్కపెడుతోంది. ఇరవై దగ్గర ఆగి, ఇంకో చేప బుట్టలో పడేసి, మళ్లీ ఒకటి అని మొదలుపెట్టింది. మళ్లీ ఇరవై, మళ్లీ ఒక చేప. చూడకుండానే, ఆలోచించకుండానే. బేరగాడు కూడా అడగలేదు. అది కొసరు. ఇరవైకి ఒక కొసరు ఆ ఒడ్డు పుట్టినప్పటి నుంచీ ఉంది.

నరసన్న మొహంలో పుణ్యవతికి బాగా తెలిసిన మార్పు వచ్చింది. పార్సిలు చీటీ దొరికినప్పటి మొహం. ఆమె చెప్పింది విన్నాక మాత్రం అది మాయమైపోయింది.

"రేపు పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లు. ఎల్లుండి పన్నెండు గంటలకు అందరూ బడిలో ఉండాలి. కొండలుతో సహా. కుండ, మూటలు మరిచిపోవద్దని నీలమ్మకు చెప్పు."

శుక్రవారం డాక్టరు చూశాడు. కర్ణభేరి చిరిగిపోయిందని, లోపల చీము పట్టిందని, ఆ చెవికి వినికిడి మళ్లీ వస్తుందని ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు.

*

శనివారం పన్నెండు గంటలకు గురుమా గదిలో అందరూ కూర్చున్నారు. ఒకవైపు నీలమ్మ, కొండలు, మధ్యలో సీతాలు. ఇంకోవైపు పైడన్న, దుప్పటి కప్పుకున్న అమ్మడు. కిటికీ దగ్గర మాస్టారు. పైడన్న మర్యాదకు తక్కువైందన్నట్టు కుర్చీ చప్పుడు చేశాడు. అయిదు గంటల్లోపు పిల్లను చేర్చుకుంటారా, చేర్చుకోరా అని అడిగాడు.

"చేర్చుకుంటారు. ఏ పిల్లనో ఇప్పుడు తేలుతుంది," అన్నాడు నరసన్న. "ముందు లెక్క చూద్దాం. నీలమ్మా, మూటలు విప్పమ్మా."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ మొక్కేమిటి? పిల్ల బడిలో అడుగుపెడితే విప్పుతానన్నావు. ఇదే ఆ బడి. నీ పిల్ల కాళ్లు చూడు, ఎక్కడున్నాయో."

నీలమ్మ కూతురి కాళ్ల వంక చూసింది. పెదాలు కదిలాయి. తర్వాత మొదటి ముడి విప్పింది. గురుమాను లెక్కపెట్టమన్నాడు నరసన్న. ఆవిడ ఒక్కొక్క గవ్వా జరుపుతూ ఒడియాలో లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. రెండో మూట విప్పారు. ఇరవై ఒకటి. మూడోది, నాలుగోదీ అంతే.

"ఈమె ఇరవై అంటే ఇరవై ఒకటి. చేతికి అదే అలవాటు. కొసరు లెక్కలోకి రాదు. మనకు ఎనభై అని చెప్పింది. మనమంతా ఎనభై కోసం వెతికాం. గుమాస్తా ఎనభైకి సీటు లేదని నవ్వాడు. గవ్వలు ఎనభై నాలుగు. ఆ గదిలో ఎనభై నాలుగు ఒక్క కాయితానికే ఉంది."

పైడన్న లేచి నిలబడ్డాడు. "నా కూతురిది దొంగ మార్కులంటావేటి?"

"కూర్చోండి. మీకేమీ తెలియదని నాకు తెలుసు." నరసన్న కుండను బల్ల మీద పెట్టి మెడ వైపు తిప్పాడు. "ఇది ఎవరు రాశారమ్మా?"

"గుంటే రాసుకుంది బాబూ. పరీచ్చ నాడు సేతి మీద మాస్టారు రాసిన నెంబరు. సిరా పోతాదని, గురుతుగా ఉంటాదని కుండ మీద బొగ్గుతో గీసుకుంది."

పుణ్యవతి తన వేళ్ల వంక చూసుకుంది. కుమ్మరి గుర్తని తుడిచేసిన బొగ్గు అది.

"రెండువందల పదిహేడు," అన్నాడు నరసన్న. "సీతాలుకు వచ్చిన ఉత్తరంలో నంబరు 206. పైడన్న గారి వాకిట్లో అద్దం వెనక ఉన్న నంబరు 217. గురుమా, కాయితాల మీద పేర్లు లేవు. సంతకాలు లేవు. పిల్ల చేతి మీద ఏ నంబరుంటే కాయితం ఆ నంబరు ఎవరిదో వాళ్ల పేరుకే పోతుంది. కట్ట కట్టకముందే, సీలు వెయ్యకముందే, గేటు బయటే చీటీ మారింది. రాసిన చెయ్యి ఒక్కటే."

అందరూ కిటికీ వైపు చూశారు. వెంకటరమణమూర్తి పెద్దగా తొణకలేదు. ఆ పొద్దుట పద్నాలుగు మంది పిల్లలతో గందరగోళంగా ఉందని, తొందరలో ఇద్దరి చేతులు తారుమారై ఉంటాయని, వయసు మీద పడ్డవాడి పొరపాటును క్షమించమని అన్నాడు.

"పొరపాటే అయితే ఉత్తరాలు వచ్చిన రోజునే తెలిసిపోవాలి," అన్నాడు నరసన్న. "వారం వారం పరీక్షలు పెట్టేవారు మీరు. ఎవరికి ఎన్ని వస్తాయో మీకన్నా తెలిసినవాడు లేడు. ఎనభైలు తెచ్చే పిల్లకు నలభై ఎనిమిది, నలభైలు తెచ్చే పిల్లకు ఎనభై నాలుగు వస్తే మీరు బడికి పరుగెత్తాలి. మీరు గంజాం వెళ్లి ఉత్తరం చదివారు. మార్కుల పట్టిక గోడ మీంచి పీకేశారు. మేకుల గుర్తులు ఉండిపోయాయి."

మాస్టారు నోరు తెరిచేలోగా దుప్పటిలోంచి సన్నటి గొంతు వచ్చింది.

"మాకిద్దరికే లారీ కాడ రాసినారు. మిగతా అందరికీ గేటు కాడ రాసినారు. నా సేతి మీద రెండొందల ఆరు రాసినారు." అమ్మడు తల ఎత్తలేదు. "ఉత్తరం వచ్చినాక అడిగినాను. ఎవరితో అనొద్దు, మీ నాన్న సచ్చిపోతాడు అన్నారు."

పైడన్న కూతురి వైపు తిరిగాడు. "నాతో సెప్పనేదేటే, తల్లీ?"

"సీతాలుకి తక్కువొచ్చాయని కొండలు మావ కొట్టినాడు కదా. నాకూ తక్కువే అని తెలిస్తే నువ్వూ కొడతావని."

పైడన్న మెల్లగా కూర్చున్నాడు. ఊరంతా తిప్పి చూపించిన ఎనభై నాలుగు ఆయన మొహం మీంచి దిగిపోవడం పుణ్యవతి చూసింది. తర్వాత ఆయన చెయ్యి చాచి కూతురి తల తన పక్కకు లాక్కున్నాడు.

"ఎందుకు చేశారు?" అని గురుమా అడిగింది.

మాస్టారు గొంతులో అప్పుడు నెమ్మది పోయింది. అమ్మడు తప్పితే పైడన్న ఇచ్చిన గది పోతుందన్న భయం కొంత ఉందని ఒప్పుకున్నాడు. కానీ అదొక్కటే కాదన్నాడు. "ఈ పిల్లకు సీటిచ్చినా రెండేళ్లకు తట్ట నెత్తిన పెడతారు. లేకపోతే పెళ్లి చేస్తారు. ఆ సీటు మట్టిపాలు. అమ్మడు ఇంట్లో చదివిస్తారు, నిలబడుతుంది. సీటు వృథా కాకూడదనుకున్నాను. నలభై ఏళ్లుగా చూస్తున్నాను నేను."

నీలమ్మ గవ్వలన్నీ కొంగులోకి పోసుకుంటోంది. తలెత్తకుండానే అంది: "మా యింటికొచ్చి ఉత్తరం సదివినారు మాస్టారూ. దాన్ని కొడతంటే అరుగు మీద కూకుని సూసినారు. నానిచ్చిన నీల్లు తాగి ఎల్లినారు."

ఆయన కిటికీ బయటికి చూశాడు.

గురుమా రెండు కాయితాలూ తెప్పించింది. సీతాలు చేత అంకెలు రాయించి 217తో పోల్చింది. అక్కడికక్కడే పది ప్రశ్నలు రాసిచ్చింది. పిల్ల తొమ్మిదింటికి సరిగ్గా రాసింది. ఆవిడ రిజిస్టరులో ఒక పేరు కొట్టేసి పక్కన సంతకం చేసింది. జిల్లా విద్యాధికారికి ఉత్తరం, పోలీసులకు ఫిర్యాదు తనే రాస్తానంది. మాస్టారును బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

మూడు గంటలకు చేరే పిల్లల్ని వరండాలో నిలబెట్టి పేర్లు పిలవడం మొదలైంది. సీతాలు వరస చివర నిలబడింది. పిలిచే పంతులమ్మ ఎడమవైపు నుంచి పిలుస్తోంది.

"సీతాలు, గంజాం."

పిల్ల ఎదురుగా ఉన్న గోడ చూస్తోంది.

"సీతాలు." పంతులమ్మ గొంతు పెంచింది. ముందున్న పిల్లలు వెనక్కి తిరిగి నవ్వారు.

కొండలు వరండా మెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆస్పత్రి మాట అతనికి పుణ్యవతి పొద్దున్నే చెప్పింది. అప్పుడు తల ఊపాడు గానీ, ఆ మాట ఎంతవరకు దిగిందో ఆమెకు అర్థం కాలేదు. ఇప్పుడు దిగింది. రెండంగల్లో కూతురి దగ్గరకు వెళ్లి, పిలుస్తున్నారని చెప్పడానికి భుజం తట్టబోయి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి నీడ పడగానే పిల్ల రెండు చేతులతో చెవి మూసుకుని గోడకు ఒదిగిపోయింది.

కొండలు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అతను దాన్ని దించుకుని వీపు వెనక పెట్టుకున్నాడు. తర్వాత వరస చుట్టూ తిరిగి, వినపడే చెవి వైపుకు వెళ్లి, దూరంగా నేల మీద కూలబడి, ముట్టుకోకుండా కూతురి పేరు పిలిచాడు.

నాలుగోసారికి సీతాలు చేతులు దించింది.